స్మరాండా ఒప్పుకోని ప్యాచ్

"ఈ ప్యాచ్ నేను ఒప్పుకోను."

రొమేనియాలోని తిమిషోవారాలో ఆ శనివారం పొద్దున ఒకటే వాన. ట్రామ్ దిగి, తడిసి ముద్దయి ఆఫీసులో అడుగుపెట్టిన హోరియాకు దొరికిన పలకరింపు అది. అన్నది స్మరాండా. యంత్రాన్ని లోపలినుంచి నడిపే కెర్నెల్ కోడ్‌లో అతను చేసే మార్పుల్ని, అంటే ప్యాచ్‌లని, తనిఖీ చేయడానికి కొత్తగా చేరిన అమ్మాయి.

"గుడ్ మార్నింగ్ అయినా చెప్పరా?"

"చెప్తాను. ముందు క్యూ మళ్లీ ఇంత పొడుగెందుకు పెట్టారో మీరు చెప్పండి."

"డేటా ప్యాకెట్లు ఒక్క ముక్కా పోకూడదని."

"పోవట్లేదు, నిజమే. స్కానింగ్ బొమ్మలన్నీ వెళ్లేదాకా డాక్టరు మాట వాటి వెనకాలే పడిగాపులు కాస్తోంది."

హోరియా ముఖం కందిపోయింది. కొండల్లో తిరిగే అంబులెన్సుల నుంచి మాటల్నీ స్కానింగ్ బొమ్మల్నీ ఆసుపత్రికి చేరవేసేందుకు వాళ్లు చేసిన పెట్టెలోని కోడ్ అది. అతని అక్క రుక్సాండ్రా అలాంటి అంబులెన్సులోనే డాక్టరు. కిందటి నెల ఆమె ఆసుపత్రిని మందు మోతాదు అడిగితే, ప్రశ్నే ఆలస్యంగా చేరింది. రోగి బతికాడు గానీ, అక్క బెంబేలెత్తిపోయింది. ఇవాళ్టి పరీక్షలోనూ అలాగే అయితే పెట్టెలు పీకేస్తామని ఆసుపత్రి తేల్చి చెప్పింది.

"అయితే తప్పు నాదేనా?" అతని గొంతు సన్నబడింది.

స్మరాండా కుర్చీ లాగింది. "కూర్చో. కలిసి సరిచేద్దాం."

మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరూ గమనించలేదు.

మాటలకొక క్యూ, బొమ్మలకొక క్యూ విడదీశారు. వంతులవారీగా పంపేలా రాశారు. మరీ ఎక్కువసేపు నిలిచిపోయినవాటిని పారేయమంది స్మరాండా.

"పారేయడమే!" హోరియా గిలగిల్లాడాడు.

"బొమ్మలో ముక్క పోతే పెట్టె మళ్లీ పంపుకుంటుందిలే. ఏడవకు."

కొత్త కోడ్ అంబులెన్సు పెట్టెలోకి ఎక్కించాక, మధ్యాహ్నం పరీక్ష కోసం కొండ మీంచి అక్క లైన్లోకి వచ్చింది. బొమ్మలన్నీ ఒక్కసారిగా పంపుతూ, "ఒరేయ్, వినపడుతోందా?" అంది.

"వినపడుతోందక్కా!"

"అబ్బ! పక్కన కూర్చుని మాట్లాడినట్టుందిరా!" అక్క గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

హోరియా గుండెల నిండా ఊపిరి పీల్చుకుని కుర్చీలో వాలిపోయాడు.

"పొద్దున నిన్ను తిట్టుకున్నాను."

"తెలుసు. పెదాలు కదిలాయి."

"ఇప్పుడేమో, సోమవారం దాకా నిన్ను చూడకుండా ఎలాగా అనిపిస్తోంది. నువ్వంటే ఇష్టం, స్మరాండా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ వైపు చూస్తూ, "చూడొద్దని ఎవరన్నారు?" అంది.

"నేనైతే అన్లేదు!" స్పీకర్లోంచి రుక్సాండ్రా. "ఒరేయ్ బడుద్ధాయ్, లైన్ ఇంకా ఉంది! అమ్మాయీ, రేపు మా అమ్మ సర్మాలె వండుతోంది. భోజనానికి రా."

హోరియా రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. స్మరాండా నవ్వు ఆపుకుంటూ మైకు దగ్గరికి వంగింది.

"వస్తామండీ, ఇద్దరం."