బ్యాంకు దొంగ, బాపట్ల కుర్రాడు

"పంతొమ్మిది వందల ముప్పై మూడులో స్మార్ట్ వాచ్ పెట్టుకుని బ్యాంకుకొచ్చిన మహానుభావుడెవరండీ?"

ఇంగ్లీషులో వినిపించిన ఆ కేక కిరీటి కోసమే. ఎక్స్‌ట్రాలందరూ అతని వైపు తిరిగారు. వాచీ విప్పుతూ, "రాక్షసి!" అని తెలుగులో గొణుక్కున్నాడు. ఒంటారియోలో ఇంత చిన్న ఊళ్ళో తెలుగులో తిట్టుకుంటే అడిగేవాళ్ళెవరని అతని ధీమా.

"రాక్షసి కాదు, ధాత్రి. వాచ్ ఇటివ్వండి," అంటూ ఆ అమ్మాయి చేయి చాపింది.

కిరీటి పని అక్కడే అయిపోయింది. ఆ సంగతి అతనికి అర్థం కావడానికి మాత్రం రెండ్రోజులు పట్టింది.

అక్కడ తీస్తున్నది టీవీ సినిమా. ముప్పైల నాటి ఆకలి రోజుల అమెరికాలో నిజంగా బతికి, బ్యాంకులు దోచిన ఒక దొంగ కథ. అమెరికా ఊళ్ళో తీయడం కంటే కెనడా ఊరినే అమెరికా అని నమ్మించడం చవకట. అందుకే టొరంటోకి దూరంగా, ఎప్పుడో మూతపడ్డ పాత బ్యాంకు భవనాన్ని అద్దెకు తీసుకున్నారు. బాపట్ల నుంచి వచ్చి టొరంటో శివారు స్కార్‌బరోలో ఉంటూ చదువుకుంటున్న కిరీటి సెలవుల్లో ఇక్కడ చేరాడు. గుమాస్తా వేషం. డైలాగులు లేవు. దొంగ రాగానే చేతులెత్తి బోర్లా పడుకోవాలి, అంతే. స్కార్‌బరో పక్కనే మార్కమ్‌లో పెరిగిన ధాత్రి ట్రైనీ అసిస్టెంట్ డైరెక్టర్. ఎక్స్‌ట్రాలను అదుపులో పెట్టడం ఆమె పని.

భోజనాల టెంట్లో ఇద్దరిదీ ఒకే బల్ల అయింది. ఎలా అయిందో కిరీటిని అడిగితే తెలియదంటాడు గానీ, రోజూ ప్లేటు పట్టుకుని ఆమె ఎక్కడ కూర్చుంటుందా అని ఎదురుచూసేది అతనే.

"దొంగ గన్ చూపిస్తే ఆవలిస్తారేంటి మీరు? భయపడాలి!"

"మీ అరుపులు విన్నాక ఆ దొంగ ఏపాటి, ధాత్రి గారూ?"

"ఆ గారు తీసెయ్. మా డాడీ ఫ్రెండ్స్ గుర్తొస్తున్నారు," అని పకపకా నవ్వింది. కిరీటి శాండ్‌విచ్ అనుకుని చేతిలో ఉన్న టిష్యూ కొరికాడు.

ఆ రోజే ధాత్రి అసలు విషయం చెప్పింది. "రేపు లాస్ట్ డే. రాబరీ సీన్ స్మూత్‌గా అయిపోతే నెక్స్ట్ షోకి నన్ను తీసుకుంటారు. విన్నిపెగ్‌లో, నాలుగు నెలలు."

"అవ్వకపోతే?"

"డాడీ వాళ్ళ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్. కిరీటీ, నేను ఆ సీట్లో కూర్చోలేను. ఇదొక్కటే నాకు ఇష్టం."

కిరీటి శాండ్‌విచ్ పక్కన పెట్టేశాడు. సీను బాగా వస్తే ఆమె వెళ్ళిపోతుంది. చెడితే ఏడుస్తుంది. ఏదైనా సరే, రేపు మనసులో మాట చెప్పేయాలనుకున్నాడు.

తెల్లారేసరికి వాన. సీను మొదలైంది. దొంగ కౌంటర్ మీదికి దూకి కాగితాల కట్టలు గాల్లోకి విసిరాడు. అందరూ కింద పడుకుంటున్నారు. కిరీటి బూటు ఒక కాగితం మీద పడింది. అంతే, చేయి దానంతటదే వెళ్ళి కాగితాన్ని తాకి కళ్ళకద్దుకుంది. చిన్నప్పుడు పొరపాటున న్యూస్‌పేపరు తొక్కినా, చదువుల తల్లిని తొక్కుతావా అని వాళ్ళ నానమ్మ వీపు విమానం మోత మోగించేది.

"కట్!"

రెండో టేకుకి కిరీటి పిడికిళ్ళు బిగించుకున్నాడు. కానీ బ్యాంకు నిండా కాగితాలే, పాపం ఎక్కడ అడుగేస్తాడు? మళ్ళీ తొక్కాడు, మళ్ళీ అద్దుకున్నాడు.

"ఎవరా చేయి? ప్రార్థన చేస్తున్నదెవరు?" డైరెక్టర్ మానిటర్ దగ్గర్నుంచి అరిచాడు. సాయంత్రంలోగా భవనం ఖాళీ చేయాలి. ఆయన చూపు ధాత్రి మీద ఆగింది.

ఎవరో ధాత్రికి తెలుసు. పాత ఆఫీసు ఫైలు కాలికి తగిలినా వాళ్ళ నాన్న యోగానంద్ అచ్చం అలాగే చేస్తారు. పేరు చెబితే కిరీటిని గెంటేస్తారు. చెప్పకపోతే విన్నిపెగ్ మీద ఆశ వదులుకోవాలి.

"తప్పు నాది. వాళ్ళకి నేనే సరిగ్గా చెప్పలేదు," అంది.

కిరీటి గబుక్కున లేచాడు. "ఆమె చెప్పింది. వినకుండా చేసింది నేను. నన్ను పంపేయండి, సీను అయిపోతుంది."

పంపేశారు. మూడో టేకు ఓకే అయింది.

అతని బట్టలున్న వ్యానుకి తాళం వేసి ఉంది. ముప్పై మూడు నాటి సూటూ టోపీతో చూరు కింద వణుకుతూ నిలబడ్డాడు. కాసేపటికి ధాత్రి తాళాలతో పరుగెత్తుకొచ్చింది.

"హీరోలా లేచి నిలబడమని నిన్నెవరు అడిగారు?"

"మరి నువ్వెందుకు అబద్ధం ఆడావు?"

ధాత్రి వ్యాను తాళం తీయడంలో పడింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "జాబ్ వచ్చింది," అంది మెల్లగా. "మండే ఫ్లైట్."

"కంగ్రాట్స్," అన్నాడు. ఆ వెంటనే, మండేకి ఇంకెన్ని రోజులో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"బట్టలు మార్చుకుని రా. ఇంటి దగ్గర డ్రాప్ చేస్తా."

కారెక్కగానే స్పీకర్‌లో వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. ఉద్యోగం సంగతి, కాగితం సంగతి, కిరీటి వానలో నిలబడ్డ సంగతి ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"ఈ కాలం పిల్లాడు కాగితం కళ్ళకద్దుకున్నాడా? అలాంటి అబ్బాయిని వానలో నిలబెట్టావా!" యోగానంద్ గొంతు కారంతా నిండింది. "భోజనానికి ఇంటికి తీసుకురా. ఉండు, అమ్మని పిలుస్తా."

స్పీకర్ నిశ్శబ్దమైంది. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇక విన్నిపెగ్ వెళ్ళే విమానానికే చెప్పుకోవాలని కిరీటికి అర్థమైంది.

"ధాత్రీ, నువ్వు వెళ్ళాలి. తప్పకుండా వెళ్ళాలి. కానీ నువ్వు లేకుండా ఈ నాలుగు నెలలు ఎలా గడుస్తాయో నాకు తెలియట్లేదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం. రాక్షసి అన్న రోజు నుంచీ."

ధాత్రి కారు పక్కకి తీసి ఆపింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "రోజూ ఫోన్ చేస్తావా?"

"చేస్తా."

"నాకూ ఇష్టమే, ఇడియట్."

స్పీకర్‌లో ఎవరో దగ్గారు.

"బాబూ, నాకైతే అభ్యంతరం లేదు," అన్నారు యోగానంద్. "కానీ మీ ఆంటీ ఇప్పుడే వచ్చింది. మొదటి నుంచీ మళ్ళీ చెప్పు, కాస్త గట్టిగా."

కిరీటి గొంతు సవరించుకుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు.