మూడో పెట్టె

ఫర్నిచర్ అని రాసున్న కంటైనర్ తలుపు తీసిన మూడో నిమిషంలో ఇన్‌స్పెక్టర్ కుప్పకూలాడు. లోపల బల్లలూ లేవు, కుర్చీలూ లేవు. విషవాయువు. పోర్టు రికార్డులో ప్రమాదం అని రాశారు.

ఆరో రోజు ఉదయం అతని చెల్లెలు చీఫ్ గదిలో కూర్చుంది. ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో టైపిస్టు. నిజానికి పనిచేసేది గూఢచారి డిపార్ట్‌మెంట్లో. అక్కడ ఆమె కోడ్‌నేమ్ పొదుపు. మాటలు ఖర్చు చేయదని వచ్చిన పేరు. ఈ ఆరు రోజుల్లో కన్నీళ్ళూ ఖర్చు కాలేదు. అన్నం తింటే మట్టి నమిలినట్టుంది. అంతే.

“అది రిహార్సల్,” అన్నాడు చీఫ్. “విదేశీ ముఠా పని. అసలుది నిన్న దిగింది. లేబుల్ మీద బ్లీచింగ్ పౌడర్. తలుపు తీస్తే ఇక ఆపలేం, పది నిమిషాల్లో పేలుతుంది. పక్కనే అమోనియా ట్యాంకులు. సగం ఊరు మిగలదు.”

“ఏ పెట్టె?”

“నాలుగున్నాయి. హడావుడి చేస్తే ముఠా జారుకుంటుంది. మామూలు తనిఖీలాగే వెళ్ళు. మన డబుల్ ఏజెంట్ అక్కడుంటుంది. ‘చలేస్తోంది’ అందంటే అదే పెట్టె. ‘స్వెట్టర్ తెచ్చుకోవాల్సింది’ అని నువ్వనాలి.”

“ఆవిడెవరు?”

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చూస్తే తెలుస్తుంది.”

పదిన్నరకి పోర్టు యార్డులో ఇనుము కాలుతోంది. పొదుపు ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉంది. హెల్మెట్, ముఖం కప్పే మాస్కు, చేతిలో గ్యాస్ మీటర్. సరుకు తరఫున తనిఖీ చూసుకునే సర్వేయర్ వచ్చాడు. అతని పక్కన షిప్పింగ్ ఏజెంట్. నల్లకళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, ఎర్రటి లిప్‌స్టిక్.

వదిన.

మొగుడు పోయి వారం కాలేదు. పొదుపుకి కోపం రావాలి. రాలేదు. మీటర్ ఆన్ చేసింది.

మొదటి పెట్టె తలుపు సందు దగ్గర పెట్టగానే క్లోరిన్ వాసనకి మీటర్ గోల పెట్టింది. రెండోదీ అంతే. మూడో పెట్టె దగ్గర సున్నా. నలభై అడుగుల పెట్టెడు బ్లీచింగ్ పౌడర్‌కి వాసనే లేదు.

“అబ్బ, చలేస్తోంది,” అంది వదిన, మండుటెండలో.

“స్వెట్టర్ తెచ్చుకోవాల్సింది.”

ఆ గొంతు విని వదిన పెదవులు ఒక్కసారి వణికాయి. అంతలోనే సర్దుకుంది.

మీటర్ గొట్టం చివర గింజంత కెమెరా ఉంది. పొదుపు దాన్ని తలుపు రబ్బరు కిందనుంచి దూర్చింది. మీటర్ తెరమీద కుడి తలుపు నుంచి ఒక తీగ, తీగ చివర డ్రమ్ములు.

“ఇంకెంతసేపు మేడమ్? నాకవతల పనుంది,” అంటూ సర్వేయర్ అప్పటికే కారువైపు నడుస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే కూలీకి కేకేశాడు. “తీసెయ్యవయ్యా!”

కూలీ బలవంతుడు. ఒక్క ఊపులో హ్యాండిల్ తిప్పాడు. పొదుపు తన చేతిని దాని కింద దూర్చింది. ఇనుముకీ ఇనుముకీ మధ్య రెండు వేళ్ళు నలిగాయి. తలుపు వెంట్రుకవాసి కదిలి ఆగింది.

“వదులు,” అందామె. “నెమ్మదిగా.”

“అయ్యో, మీ వేళ్ళు!”

“నొప్పి తెలీట్లేదు. నువ్వు వదులు.”

సర్వేయర్ వెనకే వెళ్ళిన వదిన కారు తలుపు దగ్గర హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసి అతని మెడకి ఆనించింది. “అవతల పని నేను చూస్తాలెండి. చేతులెత్తండి.”

బాంబు స్క్వాడ్ తీగ కోసేసరికి పదకొండూ పది. ముఠాలో మిగిలిన నలుగురూ గేటు దగ్గర దొరికారు. ఆడపడుచూ వదినా ఫస్టెయిడ్ గదిలో బెంచీమీద కూర్చున్నారు. నర్సు కట్టు కట్టి వెళ్ళింది.

“అన్నయ్య సంగతి ముందే తెలుసా?”

“పావుగంట ముందు తెలిసింది.” వదిన కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. “ఫోన్ చేతిలోనే ఉంది. ఆ సర్వేయర్‌గాడు పక్కనే ఉన్నాడు. చేస్తే నేను దొరికిపోతా, ఈ పెట్టె మనకి దొరకదు. చెయ్యలేదే అమ్మాయీ. నన్ను తిట్టు.”

పొదుపు తిట్ల కోసం వెతుక్కుంది. బాగున్న చేయి చాచి, వదిన పెదవులమీది రంగు బొటనవేలితో తుడిచేసింది.

అప్పుడు వదిన ఏడ్చింది.

తలుపు తట్టి పోర్టు గుమాస్తా తల లోపలికి పెట్టాడు. చేతిలో తనిఖీ ఫారం. “మేడమ్, రిమార్కుల కాలమ్ ఖాళీగా ఉంటే ఫైలు కదలదండీ.”

పొదుపు ఎడమచేత్తో వంకరటింకరగా రాసింది: “లేబుల్ తప్పు.”