పాలు తాగని నెల

ఆ పొద్దున భీమాబాయి డికాషన్ దించి, అలవాటుగా పాలగిన్నె వైపు చెయ్యి చాచి, నాలుక కరుచుకుంది. భాద్రపద ద్వాదశి దాటిపోయింది కదా! ఇక నెల పొడుగునా పెద్దవాళ్ళకు పాలు లేవు. చాతుర్మాస్యంలో ఒక నెల కూరగాయలు, ఒక నెల పెరుగు, ఒక నెల పాలు, ఆఖరి నెల పప్పులు మానెయ్యడం ఆ మాధ్వుల ఇళ్ళలో తాతల నాటి నేమం. పిల్లలకు మాత్రం పాలు కాచి పెట్టి, మొగుడికి నల్లటి కాఫీ పట్టుకెళ్ళింది.

వాదిరాజ ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. "ఈ కషాయం తాగేదానికన్నా జైల్లో ఉండేది మేలే భీమా!"

"పొద్దున్నే ఆ పాడుమాటలేమిటండీ? తథాస్తు దేవతలు వింటారు!" అని కసిరింది ఆవిడ.

కసరదూ మరి! అవి ఎమర్జెన్సీ రోజులు. గట్టిగా తుమ్మితే ఎవరు వింటున్నారో అని జనం వెనక్కి చూసుకునే కాలం. ఈ మహానుభావుడేమో ఆదోనిలో తెలుగు పంతులు ఉద్యోగం చేసుకుంటూ, నోరు కుట్టేసుకోక, అరుగు మీది నల్లబల్ల మీద రోజుకో మాట రాయడం మొదలుపెట్టాడు. అది పిల్లలకు ప్రైవేటు చెప్పడానికి పెట్టిన బల్ల. పత్రికల్లో అన్నీ బాగున్నాయనే రాస్తున్నారు కాబట్టి, బాగులేనిది తాను రాస్తానన్నాడు. పత్తి మార్కెట్టుకు పోయేవాళ్ళు ఆగి చదివేవారు. చదువురానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకునేవారు.

ఆ రోజు బల్ల మీద ఇలా ఉంది: "ఉచ్చీరప్పకు ఒక్కతే బిడ్డ. పట్టుకుపోయి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎందుకు చేసినారు? ఎవరిని అడగాల?"

ఉచ్చీరప్ప వెనక వీధిలో ఉండే హమాలీ. ఇంకా పాతికేళ్ళు నిండని మనిషి. ఆ మాటకు మధ్యాహ్నానికల్లా పోలీసు వచ్చి బల్ల తుడిచి పోయాడు. వాదిరాజ సాయంత్రం బడి నుంచి వచ్చి, అదే మాట మళ్ళీ రాశాడు.

మర్నాడు పొద్దున బావగారు గుండూరావు వచ్చాడు. తండ్రి పోయాక తమ్ముణ్ణి భుజాన ఎత్తుకుని పెంచినవాడు. పత్తి వ్యాపారుల దగ్గర మంచి పేరున్న గుమాస్తా. వెంట కొత్తగా బదిలీ అయి వచ్చిన కోస్తా డాక్టరు ఉన్నాడు. వాదిరాజ పెరట్లో మడి కట్టుకుని జపంలో ఉన్నాడు.

"వాడు నీరసంగా ఉండాడమ్మా. బడికి కొన్నాళ్ళు సెలవు పెట్టించాల. డాక్టరు అడిగేవాటికి జవాబు చెప్పు" అన్నాడు గుండూరావు.

భీమాబాయి ఏనాడూ బావగారి ఎదుట నిలబడి మాట్లాడలేదు. తలుపు చాటు నుంచే బదులు చెప్పింది.

"సరిగా తింటున్నారా అమ్మా?"

"ఈ నెల పాలు ముట్టరు. పోయిన నెల పెరుగు ముట్టలేదు."

"మీరు చేతికిచ్చినా తాగరా?"

"అయ్యో, ఎవరిచ్చినా తాగరు!" అంది ఆవిడ, కాస్త గర్వంగానే.

"తనలో తాను మాట్లాడుకుంటారా?"

"లేచినప్పటి నుంచీ పెదవులు కదుల్తానే ఉంటాయండీ."

"పిల్లల్ని దగ్గరికి తీస్తారా?"

"పొద్దున పూట ఎవర్నీ ముట్టుకోనియ్యరు."

వ్రతమనీ, జపమనీ, మడి అనీ వేరే చెప్పాలని ఆవిడకు తోచనే లేదు. అవే నేమాలు పాటించే బావగారు పక్కనే కూర్చుని ఉండగా చెప్పేదేముంది? ఆయనే చెబుతాడనుకుంది. గుండూరావు తల వంచుకుని గోళ్ళు చూసుకున్నాడు. మొగుడి నిష్ఠ గురించి చెప్పాననుకుని, మురిపెంగా డాక్టరుకు పళ్ళెంలో అరటిపళ్ళు కూడా పంపింది పిచ్చితల్లి.

రెండు రోజులకు జీపు వచ్చింది. వాదిరాజను పట్నంలో పిచ్చాసుపత్రికి తీసుకుపోవాలని మేజిస్ట్రేటు ఉత్తరువట. వెంట గుండూరావు ఉన్నాడు. భీమాబాయి తలుపు చాటు నుంచే అరిచింది.

"ఆయనకేం పిచ్చి? బావగారూ, చెప్పండి!"

"గట్టిగా అరవద్దు తల్లీ" అన్నాడు గుండూరావు, మొహం చూపించకుండా. "పిచ్చి అనకపోతే జైలు. ఎన్నాళ్ళో తెలీదు, విచారణే లేదు, ఉద్యోగం ఊడుతుంది. పిచ్చంటే కొన్నాళ్ళు మందులు, అంతే. ఇన్స్‌పెక్టరు మంచివాడు, ఈ దోవ చూపించినాడు."

ఇద్దరు పిల్లలు కొంగు పట్టుకుని ఏడుస్తున్నారు. కాదంటే మొగుడు జైలుకు. ఔనంటే మొగుడు పిచ్చివాడు. ఎటు తిరిగినా గోడే. జీపు వాదిరాజను ఎక్కించుకుని పోయింది.

ఆ తరవాత వీధిలో పేరే మారిపోయింది. కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే "పిచ్చి సారు పెండ్లాము" అని గుసగుస. తట్టుకుంది. పుట్టింటివాళ్ళు ఎమ్మిగనూరు నుంచి వచ్చి "మాతో వచ్చెయ్" అంటే, అదీ తట్టుకుంది. తట్టుకోలేనిది ఉచ్చీరప్ప పెళ్ళాం ఉచ్చీరమ్మ మాట. చంకలో బిడ్డతో వచ్చి అరుగు కింద నిలబడింది ఆ పిల్ల.

"అమ్మా, సారుకు పిచ్చి అంటాండారు. అట్లయితే మా ఇంటాయన గురించి రాసిండేది కూడా పిచ్చి మాటేనా? మేము ఆఫీసులో అడిగేదానికి పోతే అట్లనే అని నవ్వినారు."

భీమాబాయి మర్నాడే బావగారికి చెప్పకుండా పట్నం బయలుదేరింది.

ఆసుపత్రి కటకటాల వెనక మొగుణ్ణి చూసి ముందు గుర్తుపట్టలేదు. మందుల మత్తులో నాలుక మడత పడుతోంది. చేతులు వణుకుతున్నాయి. తెలుగు పంతులు! పద్యం ఎత్తుకుంటే వీధి చివరకు వినిపించే గొంతు!

ఆయా మేరి చల్లని మనిషి. పక్కకు పిలిచి చెప్పింది. "పాలు పట్టిస్తాంటే నోరు బిగబట్టుకుంటాడమ్మా. నలుగురు పట్టుకుని పోస్తారు. విషం పెడతారని భయమంట, కాగితాల్లో అట్ల రాసినారంట. ఇంట్లో నువ్వే చెప్పినావంట గదా?"

భీమాబాయికి అప్పుడు అర్థమైంది. తాను గర్వంగా చెప్పిన మాటే మొగుడి మెడకు ఉరితాడైంది. గోడకు తల కొట్టుకుని ఏడ్చింది.

"నాది తప్పు! నేనే మిమ్మల్ని ఇక్కడ వేయించినా!"

వాదిరాజ తడబడే నాలుకతో ఒక్కో మాటా కూడగట్టుకున్నాడు. "నువ్వు నిజమే చెప్పినావు భీమా. ఒక పని చెయ్. నన్ను జైలుకు పంపించు."

"ఏమంటాండారు మీరు?"

"జైల్లో నేను అన్న మాట మాటగానే ఉంటుంది. తప్పు మాట అంటారు, శిక్ష వేస్తారు. ఈడ ఏమన్నా నవ్వుతారు. 'నాకు పిచ్చి లేదు' అంటే ఇంకో సూది వేస్తారు. ఎట్ల బయటపడాల చెప్పు?"

ఆదోనిలో బండి దిగి ఆవిడ తన ఇంటికి పోలేదు. నేరుగా బావగారింటికి పోయింది. గుండూరావు పడసాలలో కూర్చుని నల్లటి కాఫీ తాగుతున్నాడు. భీమాబాయి వంటింట్లోకి పోయి, పిల్లల కోసం కాచిన పాలు గ్లాసులో పోసుకొచ్చి, పెళ్ళయిన తరవాత మొదటిసారి బావగారి ఎదురుగా నిలబడి, ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"తాగండి బావగారూ."

"ఇదేమి భీమా? వ్రతంలో పాలేమి?"

"తాగరా? నా చేత్తో ఇచ్చినా తాగరా? అయితే పిలిపిస్తా ఆ డాక్టరును! పాలు తాగడు, పెదవులు కదుపుతాడు, పొద్దున ఎవర్నీ ముట్టుకోనియ్యడు, మా బావగారికి పిచ్చి అని చెప్తా! నలుగురు పట్టుకుని మీ నోట్లో పోస్తారు, మీ తమ్ముడికి పోసినట్టు!"

గుండూరావు లోటా పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "పోసినారా? వాడికి?"

"ఆ పొద్దు మీరు ఒక్క మాట అనుంటే చాలు. ఇది మా నేమం అనుంటే చాలు. ఎందుకు అనలేదు?"

"వాణ్ణి బతికించుకోవాలనే అమ్మా..." అన్నాడు పెద్దాయన. "జైలంటే ఏమో అయిపోతాడని భయపడినా. నా చేతుల్లో పెరిగినోడు. నేనే వాడి నోరు నొక్కినానా?" అంటూ పై పంచె మొహాన కప్పుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. భీమాబాయి కోపమంతా కన్నీళ్ళయిపోయింది. తప్పు ఇద్దరిదీ. కానీ దిద్దుకోవాలంటే తమ చేతులతో తామే వాదిరాజను పోలీసులకు అప్పగించాలి. ఎంత పాడుకాలం వచ్చిపడింది!

దసరా సెలవులకు ముందు ఇద్దరూ మేజిస్ట్రేటు ఎదుట నిలబడ్డారు.

"నేనూ పాలు తాగను సార్" అన్నాడు గుండూరావు. "మా నాయన తాగలేదు, మా తాత తాగలేదు. ఇది పిచ్చి అయితే మా వంశానికంతా ఉంది, నన్ను కూడా పంపించండి. తెలిసీ నోరు మూసుకున్న తప్పు నాది. ఆ పొద్దు మా తమ్ముడికి ఏ పిచ్చీ లేదు."

"ఆయన బయటికొస్తే అరెస్టు చేస్తారు. తెలుసా?"

"తెలుసు సార్" అంది భీమాబాయి. తలుపు చాటు లేదు, కొంగు చాటూ లేదు.

అన్నట్టే అయింది. ఆసుపత్రి గేటు దగ్గరే పోలీసులు పట్టుకున్నారు. ఆశ్వయుజ ద్వాదశి నాటికి వాదిరాజ ఆదోని సబ్‌జైల్లో ఉన్నాడు. పాల నెల ఆ రోజుతో తీరిపోయింది. భీమాబాయి చిక్కటి కాఫీ కలుపుకుని, బావగారిని వెంటబెట్టుకుని పోయింది.

వాకిట్లో కొత్త జవాను పాత జవానును అడుగుతున్నాడు. "ఈ పంతులు ఏమి చేసినాడన్నా?"

"సర్కారును ప్రశ్న అడిగినాడంట. గట్టోడే."

భీమాబాయికి కళ్ళు చెమ్మగిల్లాయి. మొగుణ్ణి జైల్లో పెట్టించి సంబరపడే ఆడది ప్రపంచంలో తనొక్కతేనేమో అనుకుంది. అయినా సంబరమే.

వాదిరాజ చేతుల వణుకు ఇంకా పోలేదు. గుండూరావు కటకటాల్లోంచి చెయ్యి పోనిచ్చి తమ్ముడి చేతితో పాటు గ్లాసునూ పట్టుకున్నాడు. వాదిరాజ నెమ్మదిగా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"చక్కెర తక్కువైంది" అన్నాడు.

ఆ వంకకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది ఆవిడకు.

"మన నల్లబల్ల మీద ఏముంది భీమా? తుడిచినారా?"

"తుడిచినారు. ఈ పొద్దున నేను రాసినా. నా రాత మీ అంత గుండ్రంగా ఉండదు."

"నువ్వా! ఏమి రాసినావు?"

భీమాబాయి కటకటాలకు దగ్గరగా జరిగి, జవాన్లకు కూడా వినబడేటట్టు చెప్పింది.

"మా ఆయనకు పిచ్చి లేదు. ఉచ్చీరప్పకు ఒక్కతే బిడ్డ."