ఎత్తెక్కేటప్పటి చప్పుడు

మహారాష్ట్రలోని బొగ్గు గనుల ఊరు ఘుగ్గుస్‌లో సూర్యుడికంటే ముందు దుమ్ము లేస్తుంది. రాజమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పొయ్యి మీద కుక్కర్ పెట్టి వచ్చేలోగా బొగ్గు లారీలు నాలుగు పోయి వాకిలి మళ్ళీ నల్లబడుతుంది. అయినా ఆమె రోజూ ఊడుస్తుంది. ఊడ్వకపోతే ఆమె చేతులు ఊరుకోవు.

ఆమె భర్త భీమయ్య గడప దగ్గర కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. గని వర్క్‌షాపులో ఇంజన్ల మధ్యే వయసంతా గడిపి రిటైరైన మనిషి. ఎదురుగా వాకిట్లో ఒక పాత పెట్రోలు పికప్ నిలబడి ఉంది. వేలంలో తుక్కు కింద పోతున్నదాన్ని కొని, నట్టు నట్టు విప్పి, కడిగి, మళ్ళీ బిగించి బతికించాడు. దాని బానెట్ అతను తప్ప ఇంకొకరు ఎత్తకూడదు. అది ఆ ఇంటి చట్టం. కొడుకు ప్రశాంత్ ఆ బండి మీదే కోర్పనా దిక్కు ఊళ్ళ నుంచి కూరగాయలు తెచ్చి బజారులో దింపుతాడు. ఇల్లు గడిచేది దాని మీదే.

"పాలాయన వచ్చిండు, గిన్నె పట్టుకపో," అంది రాజమ్మ లోపలి నుంచి.

భీమయ్య తల తిప్పి చూశాడు. పాలాయన సైకిలు గేటు దగ్గర ఆగి ఉంది. "నాకు కండ్లు లేవా? పొద్దుగాల లేస్తే నీ నోరు ఆగదు," అని విసుక్కుంటూ లేచాడు. ఈ మధ్య భార్యకు నోరు ఎక్కువైందని అతని బాధ. ఎవరొచ్చినా అరిచి చెబుతుంది. కుక్కర్ కూతలు కూడా పైకే లెక్కపెడుతుంది. వయసు మీద పడితే ఆడవాళ్ళు ఇంతేనేమో అని సరిపెట్టుకున్నాడు.

ప్రశాంత్ తల తుడుచుకుంటూ బయటకు వచ్చాడు. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాటను మెల్లగా బయటపెట్టాడు.

"బాపు, నిన్న మళ్ళ గని మట్టిదిబ్బల ఎత్తు కాడ గదే చప్పుడు. లోడు మీద ఎక్కుతుంటే టికటిక టికటిక కొడుతుంది. గిట్లనే ఉంటే పిస్టన్‌కు బొక్క పడుతది."

"మొన్న నీ పక్కకే కూసున్న గద. ఏ చప్పుడు లేదు."

"ఉంది బాపు. పెట్రోల్ల గ్యాస్‌నూనె కల్తీ ఉందేమోనని బంకు మార్చిన. కొత్త ప్లగ్గులు తెస్తే నువ్వే ఏసినవ్. రేడియేటర్ గూడ నీతోనే కడిగించిన. అయినా తగ్గలే. ఇగ ఒక్కటే మిగిలింది." ప్రశాంత్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "టైమింగ్ ముందటికి జరిగింది."

భీమయ్య గ్లాసు కింద పెట్టాడు.

టైమింగ్ అంటే మరేం లేదు, సిలిండర్లో నిప్పురవ్వ పుట్టే వేళ. అది ముందే పుడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాని నెత్తిన కొడుతుంది. ఆ దెబ్బ బయటికి సన్నటి చప్పుడుగా వినిపిస్తుంది. భీమయ్య దీన్ని మీటరుతో చూసేవాడు కాదు. లోడుతో ఎత్తెక్కించి, నిప్పురవ్వను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను ఒక వెంట్రుకవాసి ముందుకు తిప్పి, మళ్ళీ ఎక్కించేవాడు. ఆ చప్పుడు లీలగా చెవిన పడేదాకా అలా తిప్పుతూ పోయి, పడగానే ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పి బిగించేవాడు. ఇంజన్ తన పూర్తి బలం ఇచ్చేది అక్కడే. వర్క్‌షాపులో పెద్ద సార్లు కూడా భీమయ్య చెవి అంటే మర్యాద ఇచ్చేవారు.

"టైమింగ్ పెట్టింది నేను," అన్నాడతను.

"ఒక్కపారి చంద్రపూర్ల మిస్త్రీకి సూపిద్దాం బాపు. నిన్ను తప్పు పడతలేను."

"పడుతున్నవ్. నాకు తెల్వదా? కొత్త డీజిల్ బండి మీద నీకు మనసు పడ్డది. ఫైనాన్స్ ఏజెంటు మన గల్లీలనే తిరుగుతుండు. ఇది ఖరాబైందంటే తప్ప నేను అమ్మనని, లేని చప్పుడు పుట్టిస్తున్నవ్."

"నేను అబద్ధమాడుతున్ననా?"

"ఏమే," భీమయ్య లోపలికి పిలిచాడు. "రాజురాల పెండ్లికి పోయినప్పుడు నువ్వు బండ్లనే ఉన్నవ్ గద. చప్పుడొచ్చిందా?"

రాజమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒకవైపు మొగుడు, ఒకవైపు కొడుకు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకేం వినిపియ్యలే," అంది.

ప్రశాంత్ తల్లి వైపు చూశాడు. తాళం చెవి తీసుకుని వెళ్ళిపోయాడు. తండ్రి తిట్టినందుకు కాదు, తల్లి అన్న ఆ ఒక్క మాటకు అతని మనసు విరిగింది.

కోడలు గిరిజ ఇదంతా వింటూనే ఉంది. అత్త వంటింట్లోకి రాగానే గొంతు తగ్గించి అడిగింది. "అత్తమ్మా, పెండ్లి నుంచి వచ్చేటప్పుడు మీరే నాతోని అన్నరు గద, రేకుడబ్బల శెనగలు పోసి ఊపినట్టు వస్తుందని. ఇప్పుడు లేదంటరేంది?"

రాజమ్మ కూరలో గరిటె తిప్పింది.

"ఆయన రోజూ కుములుతుండు. అబద్ధాలోడనిపించుకొని ఈ ఇంట్ల ఉండనంటుండు. బండి బేరానికి రామకిషన్ సేటును ఆదివారం రమ్మన్నడు. బాపు బండి అమ్మనంటే మనమే చంద్రపూర్ల రూమ్ తీసుకుందాం అంటుండు. నేను ఏమని ఆపాలె?"

"ఆదివారం దాకా ఆగు బిడ్డా," అంది రాజమ్మ.

ఆమెకు తెలుసు. కిందటి ఎండాకాలం నుంచీ తెలుసు. ఆ రోజు పొయ్యి మీద కుక్కర్ పెట్టి పక్కింటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. కుక్కర్ కూత పెట్టి పెట్టి అలసిపోయింది. దానికి బారెడు దూరంలో కూర్చుని భీమయ్య తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు. మనుషుల మాటలు అతనికి బాగానే వినిపిస్తున్నాయి. లారీ హారన్ వినిపిస్తుంది. సన్నటివే, కూత, గంట, చిన్న చప్పుళ్ళు, అవే పోయాయి. ఆ రోజు ఆమె తప్పంతా తన మీద వేసుకుంది. "యాది మరిచిన," అని మాడిన గిన్నె తోముకుంది.

చెబుదామని నోటిదాకా వచ్చి చాలాసార్లు ఆగిపోయింది. భీమయ్య తండ్రికి పెద్ద వయసులో చెవుడు వచ్చింది. ఊళ్ళో అతని పేరే పోయింది. పిల్లలు కూడా చెవిటోడా అని పిలిచేవారు. చచ్చిపోయాక చావు కబురు కూడా ఆ పేరుతోనే చెప్పారు. భీమయ్య ఆ రోజును మరిచిపోలేదు. అలాంటి మనిషితో, చెవే తన గొప్ప అనుకుని బతికిన మనిషితో, ఆ మాట ఎలా అనడం? అందుకే ఆమె తనే అతని చెవులయింది. పాలాయన వచ్చాడని, గేటు తీశారని, కుక్కర్ కూసిందని అరిచి చెబుతూ అతని కొరతను కప్పుకుంటూ వచ్చింది. ఆ కప్పిన గుడ్డ కింద కొడుకు ఊపిరాడక నలిగిపోతాడని అనుకోలేదు.

ఆదివారం రామకిషన్ వచ్చాడు. పాత బండ్లు కొని అమ్మే బేరగాడు. మాటలో సగం మరాఠీ, సగం మన తెలుగు. వాకిట్లో బండి చుట్టూ తిరిగి, "బాడీ ఏక్‌దమ్ మజ్‌బూత్ ఉంది భీమయ్య కాకా," అని మెచ్చుకున్నాడు. భీమయ్య ముఖం కాస్త విచ్చుకుంది. అమ్మే ఉద్దేశం లేదు గానీ, బండిని ఎవరైనా మెచ్చుకుంటే అతను కాదనలేడు.

"ఎత్తు మీద నడిపి చూడు," అన్నాడు గర్వంగా. "చప్పుడుందో లేదో నువ్వే చెప్పు. నా కొడుక్కు నా మాట మీద నమ్మకం లేదు."

ముగ్గురూ బండెక్కి వెళ్ళారు. రాజమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. గేటుకూ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది. బండి తిరిగి వచ్చి ఆగిన తీరులోనే ఆమెకు అంతా అర్థమైంది. భీమయ్య తలుపు గట్టిగా వేసి దిగాడు.

"నీతోని గూడ పలికించిండు," అంటున్నాడు రామకిషన్‌తో. "ఎంతిస్తనన్నడు నీకు?"

"కాకా, నాకెవరు ఏమిస్తరు? చప్పుడుంటే ఉందన్న. ఇంజన్ లోపల దెబ్బ తింటుంది. గిట్లనే నడిపితే తుక్కుకే పోతది."

"ఇద్దరు కలిసి నాటకమాడుతున్నరు. తుక్కు రేటుకు కొట్టేద్దామని." భీమయ్య కొడుకు వైపు తిరిగాడు. అతని గొంతు వీధిలోకి వినిపిస్తోంది. "కన్నతండ్రిని మోసం చేసి బండి కొనుక్కునే కొడుకు నాకెందుకు? పో. నీ పెండ్లాన్ని తీస్కొని యాడికన్న పో."

ప్రశాంత్ ముఖం నల్లబడింది. "పోత బాపు. బండి నీదే. కానీ ఒక్కటి. నేను అబద్ధం చెప్పలే. గది నమ్మితే చాలు." అతను భార్య వైపు తిరిగాడు. "గిరిజా, బట్టలు సర్దు."

గిరిజ కదలలేదు. అత్తనే చూస్తోంది.

"నమ్మాల్నా?" అన్నాడు భీమయ్య. "ఇంట్ల ఒక్కతే ఉంది నిజం చెప్పేది. ఏమే, చెప్పు. రామకిషన్ ముందట చెప్పు. చప్పుడుందా, లేదా?"

రాజమ్మ గేటు ఊచ పట్టుకుంది. ఇన్నాళ్ళూ మొగుడి మీద ప్రేమతో అన్న మాటే ఇప్పుడు కొడుకును ఇంట్లోంచి గెంటుతోంది. గెంటేది మొగుడు కాదు, తనే.

"ఉంది," అంది.

"ఏంది?"

"చప్పుడుంది. రాజురా పోయినప్పుడు ఉండె. ఇప్పుడు బండి గల్లీల ఎత్తెక్కుతుంటే గూడ నేను ఇక్కడికి విన్న. పోరడు నిజమే చెప్తుండు. అబద్ధం చెప్పింది నేను." ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "నీకు వినిపిస్తలేదయ్యా. సన్నయి ఏవీ నీకు వినిపిస్తలేవు. కుక్కర్ మాడిన నాడే నాకు తెల్సింది. నీకు చెప్పనీకి నాకు నోరు రాలే."

రామకిషన్ మెల్లగా గేటు తీసుకుని, మళ్ళీ వస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. అది అతని మంచితనం.

భీమయ్య అరుస్తాడని అందరూ అనుకున్నారు. అరవలేదు. వెళ్ళి గడప దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు తన చేతులనే చూసుకున్నాడు.

"పాలాయన," అన్నాడు చివరికి. "గంట కొడుతుండా?"

"రోజూ కొడుతుండు," అంది రాజమ్మ.

"గంట ఖరాబైందనుకున్న. పాపం కొత్తది కొనుక్కోడేంది అనుకున్న." ఇంటి రేకుల వైపు తల ఎత్తాడు. "పిచ్చుకలు?"

ఈసారి గిరిజ చెప్పింది. "ఉన్నయి మామా. గీ రేకుల సందులనే గూడు పెట్టినయి. పొద్దుగాల ఒకటే గోల."

"బొగ్గు దుమ్ముకు అన్నీ ఎల్లిపోయినయనుకున్న," అన్నాడు భీమయ్య. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మనిషి ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

ప్రశాంత్ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. బట్టలు సర్దే మాట ఎవరూ ఎత్తలేదు.

"నేనే ఖరాబ్ చేసిన బిడ్డా," అన్నాడు భీమయ్య తువ్వాలు తీయకుండానే. "చప్పుడు వినిపించేదాక ముందటికి తిప్పాలె. నాకు వినిపియ్యకపాయె. వినిపిస్తలేదని ఇంకింత తిప్పిన. నెల నెల తిప్పిన. తప్పు నాదైతే నిన్ను దొంగను చేసిన."

"పోనీ బాపు."

"ఎట్ల పోనియ్యాలె? అమ్ముదామంటే అమ్ము. ఇగ నీ మాటకు అడ్డం రాను."

"అమ్ముడు సంగతి తర్వాత చూద్దాం. ముందుగాల ఆ చప్పుడు తీద్దాం పా," అన్నాడు ప్రశాంత్. "నువ్వు తిప్పు. నేను నడుపుత."

"వినేది ఎవరు మరి?" భీమయ్య తల ఎత్తి భార్య వైపు చూశాడు. "నువ్వు రా. ఇన్నొద్దులు నాకు చెప్పకుండ విన్నవ్ గద. ఇప్పుడు చెప్పుకుంట విను."

రాజమ్మ కొంగు సర్దుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది. వెనక లోడు కోసం ఇసుక సంచులు వేశారు. మట్టిదిబ్బల ఎత్తు ఎక్కుతుండగా ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఉంది. డబ్బల శెనగల లెక్క."

పైకెక్కాక ప్రశాంత్ బండి పక్కకు ఆపాడు. భీమయ్య బానెట్ ఎత్తి, కొడుకును దగ్గరికి పిలిచి, పానా అతని చేతికిచ్చాడు. "నువ్వే వదులు చెయ్యి. ఎంత తిప్పాలెనో నేను సూపిస్త." ప్రశాంత్ నట్టు వదులు చేశాడు. భీమయ్య కొడుకు చేతి మీద చెయ్యి వేసి డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం వెనక్కి తిప్పించాడు. మళ్ళీ కిందికి పోయి ఎక్కారు.

"తగ్గింది. కానీ ఉంది."

మళ్ళీ దిగారు, మళ్ళీ తిప్పారు. లారీలు హారన్ కొడుతూ వాళ్ళను దాటి పోతున్నాయి. ఈసారి ఎక్కుతున్నప్పుడు భీమయ్య రోడ్డు చూడలేదు, ఇంజన్ వైపూ చూడలేదు. రాజమ్మ ముఖమే చూస్తున్నాడు. ఆమె నుదుటి మీది ముడి మెల్లగా విడిపోయింది.

"లేదు," అంది.

"నిజంగనేనా?"

రాజమ్మ ఎత్తు చివరిదాకా, బండి సమతలం మీదికి వచ్చేదాకా చెవి పెట్టి వింది. అప్పుడు కళ్ళు తెరిచి భర్త చెయ్యి పట్టుకుంది.

"నిజంగనే లేదయ్యా."

భీమయ్య తల ఊపాడు. కొడుకుతో కాస్త మెల్లగా పోనిమ్మన్నాడు. తర్వాత ఇల్లు చేరేదాకా దారిలో ఏవేం వినిపిస్తున్నాయో చెప్పమని రాజమ్మను అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెబుతూనే ఉంది.