రెండు చోట్ల ఒక పేరు

మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే రోడ్డులో, పలకల షెడ్లు ఇంకా నాలుగైదు బతికి ఉన్న చోట, వరప్రసాదం దుకాణం ఉంది. ఒకప్పుడు ఆ రోడ్డున నడిస్తే రాతిపొడి చెప్పుల కింద గోధుమపిండిలా మెత్తగా తగిలేది. దేశంలో సగం మంది పిల్లలు అ ఆలు దిద్దింది మన రాతి మీదేనని మా పెద్దవాళ్ళు చెప్పుకొనేవారు. కాస్త ఎక్కువే చెప్పుకొనేవారనుకోండి. ఆ తర్వాత ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, ఇంకొన్నాళ్ళకు పలకలే పోయాయి. భూమిలో రాయి మాత్రం ఎక్కడికి పోతుంది? కొందరు దాన్ని గోడలకు బిళ్ళలుగా కోస్తున్నారు. వరప్రసాదం సమాధుల మీద పెట్టే ఫలకాలు చెక్కుతాడు.

చేత్తో కాదు. పేరు కంప్యూటర్లో కొడితే మిషను రాయి మీద అక్షరాలు కోస్తుంది. ఆ పని మొదలుపెట్టింది అతని మేనమామ లక్ష్మీనరసయ్య. సాఫ్ట్‌వేరు లైసెన్సు కొన్నదీ ఆయనే. మూడు నెలల కిందట ఆయన పోయాడు. మామ ఫలకం మేనల్లుడే చెక్కాడు.

లక్ష్మీనరసయ్యకు ఒక పట్టింపు ఉండేది. చావు ఇంటివాళ్ళు వస్తే, పోయినవాళ్ళ పేరు ఒక చిన్న పలక మీద బలపంతో రాయించేవాడు. అది చూసి కంప్యూటర్లో కొట్టి, పేరు ఒక్కసారి పైకి చదివి, తడిగుడ్డతో పలక తుడిచేవాడు. రాయి కోయడం అయ్యాక కంప్యూటర్లో ఉన్నదీ తీసేసేవాడు. పోయినవాళ్ళ పేరు రెండు చోట్ల ఉంటే ఎటు పోవాలో తెలియక మధ్యలో తిరుగుతారని ఆయన నమ్మకం. వరప్రసాదం డిగ్రీ చదివినవాడు. ముసలాయన మంచం పట్టినప్పటినుంచి ఈ రెండేళ్ళలో ఒక్క పేరూ తీయలేదు. అక్షరం తప్పు పడితే మళ్ళీ కోయడానికి ఉంటాయి కదా అనుకున్నాడు. అట్లా మూడు వందల పైచిలుకు పేర్లు పాత కంప్యూటర్లో పోగయ్యాయి. ఆ పాతది ఈ మధ్య తనంతట తానే ఆగిపోవడం మొదలుపెట్టింది.

అది పూర్తిగా పోతే లైసెన్సు దాంతోపాటే పోతుంది. లైసెన్సు లేకపోతే అంత పెద్ద మిషనూ ఒట్టి ఇనుము. ఆ దుకాణం తప్ప వరప్రసాదానికి వేరే బతుకుతెరువు లేదు. కొత్తది కొనుక్కొచ్చి, రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం సాఫ్ట్‌వేరు కంపెనీకి ఫోన్ చేశాడు.

ఫోన్లో యామిని అనే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. లైసెన్సు ఒకసారికి ఒక కంప్యూటర్లోనే ఉంటుందట. పాతదాంట్లోంచి విడిపిస్తే తెర మీద ఒక పొడుగాటి నంబరు వస్తుందట. అరగంటలో ఆ నంబరు కొత్తదాంట్లో కొట్టాలట.

"కొట్టకపోతే ఏమైతాదమ్మా?"

"రెండింట్లోనూ ఉండదు అంకుల్. మధ్యలో పోతుంది. మేము కూడా వెనక్కి తేలేము."

పక్క షెడ్లో రాయి కోస్తున్నారు. కొత్త కంప్యూటర్లోకి పొడి పోతుందని వరప్రసాదం లోపలినుంచి షట్టరు దించాడు. వెనక గోడంతా పలకరాళ్ళు పేర్చి ఉంటాయి. ఆ గదికి వేరే దారి లేదు. పేర్లన్నీ ముందు కొత్తదాంట్లోకి ఎక్కించాడు. పాతవి తీయలేదు. జాగ్రత్త గల మనిషి మరి. కొత్తదాంట్లో వాడేవారి పేరు అడిగితే తన పేరు కొట్టాడు. పాతదాంట్లో, లైసెన్సు ఎవరికి ఇస్తున్నారని అడిగిన చోటా తన పేరే కొట్టాడు. పన్నెండేళ్ళుగా ఆ సాఫ్ట్‌వేరులో పోయినవాళ్ళ పేర్లు తప్ప ఎవరూ కొట్టలేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టలేదు. విడిపించు అన్నచోట నొక్కాడు.

నంబరు వచ్చింది. పక్కనే నిమిషాలు. ముప్పై.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, పక్క షెడ్లో రంపమూ ఆగింది. యూపీఎస్ మీద రెండు తెరలు మాత్రం వెలుగుతున్నాయి. రేకు వేడికి గది పొయ్యిలా ఉంది.

అలవాటు కొద్దీ నంబరును పలక మీద బలపంతో రాసుకుని, కొత్త కంప్యూటర్ వైపు తిరిగి పలక చూశాడు.

పలక నల్లగా, శుభ్రంగా ఉంది. తడిగా ఉంది.

దుకాణంలో చుక్క నీళ్ళు లేవు. పొద్దున తెచ్చిన సీసా ఎప్పుడో అయిపోయింది. చెమట చేయి తగిలిందేమో అనుకుని మళ్ళీ రాశాడు. తిరిగాడు. మళ్ళీ తడి. తుడిచిన పలక వాసన... బడిలో చదివిన వాళ్ళందరికీ తెలిసిన ఆ చల్లని మట్టివాసన... గదంతా పట్టింది. నోట్లో చదువుకుంటూ కొడదామని చూశాడు. నాలుగు అంకెలు దాటేసరికి ఐదోది మనసులోంచి జారిపోతోంది, ఎవరో తుడిచినట్టే. ఫోన్లో ఫొటో తీశాడు. ఫొటోలో తెర ఖాళీగా పడింది. యామినికి చేద్దామంటే సిగ్నల్ లేదు.

పద్దెనిమిది నిమిషాలు.

రాళ్ళ వెనకనుంచి చప్పుడు మొదలైంది. బలపం గీసే చప్పుడు. ఒకటి కాదు. బడి నిండా పిల్లలు కూర్చుని దిద్దుతున్నట్టు... గీస్తున్నారు, ఆగుతున్నారు, గీస్తున్నారు.

వరప్రసాదం లేచి షట్టరు పట్టుకుని ఎత్తాడు. రాలేదు. గొళ్ళెం తీసే ఉంది. రెండు చేతులతో ఎత్తాడు. అవతల ఎవరో బరువుగా కూర్చున్నట్టు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అప్పుడు బయట చెప్పుల అలికిడి అయింది. భార్య మహేశ్వరి. అన్నం క్యారేజీ తెచ్చినట్టుంది.

"ఏమయ్యా, ఈ ఎండలో షట్టరు ఏసుకోని ఏం చేస్తాండావు? ఉడికిపోతావు."

బతికాననుకున్నాడు. గట్టిగా పిలిచాడు. గొంతు నరాలు తెగేట్టు పిలిచాడు. రేకును పిడికిలితో గుద్దాడు. పిడికిలి నొప్పి పుట్టింది కానీ రేకు మోగలేదు.

షట్టరుకు అవతలివైపునుంచి జవాబు వచ్చింది. అతని గొంతే.

"అయిపోయింది లేవే. పద, ఇంట్లోనే తింటా."

"ఎప్పుడు బయటికొచ్చినావు? చూడనేలేదే." మహేశ్వరి నవ్వింది. "మొగమంతా పొడి, బూడిద పూసుకున్నట్టు. పద."

రెండు జతల చెప్పులు రోడ్డు మీదికి నడిచిపోయాయి.

వరప్రసాదం అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఇంట్లో ఆమె ఒక్కతే. ఎవరితో పోతోందో ఆమెకు తెలియదు. ఎట్లా అయినా బయటపడాలి... ఎట్లా అయినా.

నాలుగు నిమిషాలు.

మామ మాట అప్పుడు గుర్తొచ్చింది. మూడు వందల పేర్లు. అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. పాతదాంట్లో పేర్లన్నీ ఒక్కసారిగా పట్టి తీయబోయాడు. పోలేదు. మొదటి పేరును పైకి చదివాడు. కురిచేడులో పోయిన ఒక ముసలామె పేరు. చదివి రెండింట్లోనూ తీశాడు. పోయింది.

రాళ్ళ వెనక ఒక బలపం ఆగింది.

రెండోది చదివాడు. ఇంకొకటి ఆగింది. నాలుక పిడచకట్టుకుపోయినా చదువుతూనే ఉన్నాడు. ఎంతసేపో తెలియదు. నిమిషాల అంకె నాలుగు దగ్గరే నిలబడింది. యూపీఎస్ ఎప్పుడో ఆగిపోవాల్సింది, ఆగలేదు. గిద్దలూరు టీచరు, లారీ కింద పడిన కుర్రాడు, పుట్టిన పదోరోజున పోయిన బిడ్డ... ఆ బిడ్డకు పేరు పెట్టకముందే పోతే, రాయి కోసమే తండ్రి ఒక పేరు పెట్టుకొచ్చాడు. మామ పేరు చివరికి ఉంచుకున్నాడు. దాన్నీ పైకి చదివాడు. తీశాడు. గది నిశ్శబ్దమైంది.

పాతదాంట్లో ఇంకొక్క పేరు మిగిలింది. లైసెన్సు ఎవరికి అన్న చోట, తనది. దాన్ని పైకి చదివి తీయబోయాడు. పోలేదు. మళ్ళీ నొక్కాడు. ఇచ్చిన పేరు మార్చడం కుదరదని తెర మీద రాసి వచ్చింది.

మూడు నిమిషాలు.

పలక మీద నంబరు రాశాడు. ఈసారి చెరగలేదు. చూస్తూ కొత్తదాంట్లో కొట్టాడు. లైసెన్సు వచ్చిందని, వాడేవారు వరప్రసాదం అని ఆకుపచ్చ అక్షరాలు పడ్డాయి. దేనికోసం ఇంత జరిగిందో అది చేతికొచ్చింది. అతను రెండోసారి ఆ తెర వంక చూడలేదు. షట్టరు ఒక్క చేతికే లేచింది. బయట ఎండ కళ్ళలో పొడిచింది. కరెంటు పోనేలేదన్నట్టు, పక్క షెడ్లో రాయి కోస్తూనే ఉన్నారు.

పరుగెత్తాడు. యాభై దాటిన మనిషి, ఆ ఎండలో.

వీధి మామూలుగానే ఉంది. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. గడప పక్కన అతని చెప్పులు విడిచి ఉన్నాయి. వరప్రసాదం తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

లోపలికి అడుగుపెట్టాడు. నట్టింట్లో తిని లేచిన కంచం. పెరట్లో కుళాయి కింద మహేశ్వరి గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ప్రాణం కాస్త కుదుటపడింది. పడకగది తలుపు మూసి ఉంది. దాని వెనకనుంచి అతని గొంతే, తాపీగా, పేర్లు చదువుతోంది.

"ఎల్లమ్మ..."

వీధి మొదట్లో పూలమ్మే ఎల్లమ్మ. పొద్దున్నే కదా పలకరించింది.

"నాగరాజు..."

ఎల్లమ్మ పక్కింటి ఆటో నాగరాజు. ఇప్పుడే, పరుగెత్తి వస్తుంటే, "ఎక్కడికన్నా?" అని అడిగాడు.

"రంగయ్య..."

ఆ తర్వాతి ఇల్లు. బతికున్నవాళ్ళ పేర్లు, తుడిచేముందు మామ చదివినట్టే. ఇల్లు తర్వాత ఇల్లు, ఇటువైపే వస్తున్నాయి. వరప్రసాదం పెరట్లోకి పోయి భార్యను చేయిపట్టుకుని లాక్కుపోదామని చూశాడు. కాలు లేవలేదు. పిలుద్దామని నోరు తెరిచాడు. షట్టరు వెనకలాగే, గాలి తప్ప ఏమీ రాలేదు.

"కృష్ణవేణమ్మ..."

గోడ అవతలి ఇల్లు.

లోపలి గొంతు చిన్నగా దగ్గి, ఆగింది.

"మహేశ్వరి..."

పెరట్లో కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"ఆఁ, వస్తాండా," అంది ఆమె, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.