క్యారియర్ లేని సైకిలు

బెజవాడ దాటాక బందరు దాకా ఎంత వెతికినా సైకిలుతో ఎక్కదగ్గ కొండ ఒక్కటి కనబడదు. ఊళ్ళో ఉన్న కొండల మీద దేవుళ్ళున్నారు, వాటికి మెట్లున్నాయి. అయినా సరే, గవర్నర్‌పేటలో ఒక మౌంటెన్ బైకుల క్లబ్బు వెలిసింది.

మామూలు క్లబ్బు కాదు. ఇరవయ్యారు అంగుళాల చక్రాల వాళ్ళకి అందులో ప్రవేశం లేదు. "ట్వంటీసిక్స్ పిల్లలు తొక్కేది. ట్వంటీనైన్ దేన్నైనా ఎక్కేస్తుంది," అనేవాడు క్లబ్బు అధ్యక్షుడు సూర్యప్రకాష్. కాలవ గట్టు మీద కల్వర్టు రాగానే అందరూ గేర్లు మార్చి, పళ్ళు బిగించి, ఆ మూడడుగుల ఎత్తూ ఎక్కి ఫొటోలు దిగేవాళ్ళు.

ఈ సూర్యప్రకాషే నతానియేలు పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరు. ప్రమోషన్లు ఆఫీసులో కాకుండా కాలవ గట్టు మీదే తేలుతున్నాయని తెలిశాక, నతానియేలు కూడా ఒక ఇరవైతొమ్మిది కొన్నాడు. ఇంట్లో మొదటి డిగ్రీ అతనిది. ఏ పనైనా శ్రద్ధగా చేస్తాడు. చిక్కల్లా ఒక్కటే: ఎత్తు తక్కువ. సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు. ఆగాలంటే కాలు ఆనించడానికి ముందుగానే ఒక మైలురాయిని చూసుకోవాలి.

"ఆదివారం పూట చర్చి మానేసి ఏంట్రా ఇది? దేవుడి కంటే మీ మేనేజరు పెద్దోడయ్యాడా?" అని తల్లి శౌరమ్మ అడిగితే, "దేవుడు ప్రమోషన్ లిస్టు ఆయన చేతికిచ్చాడమ్మా," అని తప్పించుకున్నాడు.

మొదటి ఆదివారమే ఉయ్యూరు దగ్గర తుమ్మముల్లు దిగింది. దేన్నైనా ఎక్కే టైరు ముల్లుని కూడా ఎక్కించుకుంది. "యావరేజ్ స్పీడు పడిపోతుందోయ్, తర్వాత కలువు!" అంటూ క్లబ్బంతా వెళ్ళిపోయింది.

నతానియేలు సైకిలు నెట్టుకుంటూ ఊళ్ళోకొచ్చి ఒక సైకిలు షాపు ముందు ఆగాడు. షటరు సగం దించి ఉంది. అప్పుడే చర్చి నుంచి వచ్చిన అమ్మాయి చేతిలో బైబిలు, తలలో మల్లెలు. పేరు దీవెన. ఆ షాపు యజమాని సంజీవరావు కూతురు.

"ఆదివారం షాపు లేదండీ."

"పంక్చరండీ. బెజవాడ నుంచి వచ్చాను."

"కొండ మీంచి వచ్చినట్టు చెమట పట్టింది," అంటూ ఆమె బైబిలు లోపల పెట్టి, కొంగు దోపుకుని రెంచీ తీసింది.

లోపలినుంచి సంజీవరావు వచ్చాడు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "బాబూ, క్యారియర్ సంగతేంటి?" అన్నాడు.

నతానియేలు సర్దుకుని నిలబడ్డాడు. ఇంటర్వ్యూల్లో చెప్పి చెప్పి నోటికొచ్చిన పాఠం అది. "ప్రస్తుతం అసిస్టెంటునండీ. రెండేళ్ళలో డెప్యూటీ మేనేజరు. ఐదేళ్ళలో బ్రాంచి హెడ్డు..."

దీవెన చేతిలో రెంచీ జారి కిందపడింది. పకపకా నవ్వింది. "నాన్న అడిగింది మీ కెరీర్ కాదండీ! సైకిలు వెనక క్యారియర్. సామాను పెట్టుకునేది."

"ఓ... దీనికి ఉండదండీ."

"స్టాండో?" అన్నాడాయన.

"ఉండదు."

"మడ్‌గార్డులు? బెల్లు?"

"బరువు పెరుగుతుందండీ."

"అవన్నీ తీసేసినందుకు ఎక్కువ తీసుకున్నారన్నమాట," అన్నాడు సంజీవరావు, మొహంలో నవ్వు లేకుండా.

నతానియేలుకి పౌరుషం వచ్చింది. "చక్రం చూడండి! ఇరవైతొమ్మిది. మామూలు సైకిళ్ళకి ఇంత చక్రం ఉండదు."

దీవెన టైరు ఊడదీసి, ఆ రిమ్ముని తండ్రి పాత సైకిలు రిమ్ము పక్కన నిలబెట్టింది. పాతది అరంగుళం పెద్దగా ఉంది.

"మా నాన్నది ఇరవయ్యెనిమిదండీ."

"అదెలా? మరి దీని మీద ఇరవైతొమ్మిదని రాశారుగా!"

"లావు టైరుతో కలిపి కొలుస్తారు. మనిషిని హెల్మెట్‌తో కలిపి కొలిచినట్టు."

నతానియేలు నెమ్మదిగా తన హెల్మెట్ తీసేశాడు.

ఇరవైతొమ్మిది ట్యూబు ఉయ్యూరులో దొరకదు. ఆమె ఇరవయ్యెనిమిది ట్యూబునే లోపలికి సర్ది గాలి కొట్టింది. చక్కగా పట్టింది. అతను బయల్దేరబోతుంటే సంజీవరావు, "మీ నాన్నగారేం చేస్తారు?" అన్నాడు.

"ట్రాన్స్‌పోర్ట్ లైనండీ," అన్నాడు నతానియేలు. క్లబ్బులో చేరిన రోజు మేనేజరుకి చెప్పిన ముక్కే అది. రెండోసారి చెప్పడం మరీ తేలికైంది.

తర్వాతి ఆదివారం కూడా పంక్చరే. ఆ పై ఆదివారమూ అంతే, అదీ సరిగ్గా చర్చి వదిలే వేళకి. మూడోసారి దీవెన ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగలు చూసి, టైరులోంచి సన్నటిదేదో లాగింది.

"కాలవ గట్టు మీద గుండుసూదులు మొలుస్తున్నాయాండీ?"

అతను తల వంచుకున్నాడు.

"ఇది దానంతటది దిగింది కాదు, ఎవరో గుచ్చింది. ఈసారి వాల్వు పిన్ను వదులు చేసుకుని రండి. ట్యూబైనా మిగులుతుంది."

ఈసారి రమ్మంది! ఆ ఒక్క ముక్కతో బెజవాడ దాకా ఎదురుగాలి తెలియలేదు.

నాలుగో ఆదివారం క్లబ్బంతా ఉయ్యూరు చేరేసరికి వాన అందుకుంది. మడ్‌గార్డులు లేని చక్రాలు వీపుల నిండా బురద చిమ్మాయి. అందరూ సంజీవరావు షాపు రేకుల కింద దూరారు.

వారం వారం ఆ పంక్చర్లు చూస్తూ వచ్చిన సంజీవరావు, సూర్యప్రకాష్‌కి టీ అందిస్తూ అసలు సంగతికొచ్చాడు. "సార్, ఈ అబ్బాయి వాళ్ళ కుటుంబం గురించి మీకు తెలుసా? మా పిల్ల విషయంగా..."

దీవెన ఉలిక్కిపడి పంపు వైపు తిరిగింది.

"తెలియకపోవడమేంటండీ! పెద్ద ట్రాన్స్‌పోర్టు. పదిహేను లారీలు," అన్నాడు సూర్యప్రకాష్. ఆ లారీలు క్లబ్బు నోళ్ళలో వారానికి ఐదు చొప్పున పెరిగాయి.

సంజీవరావు మొహం వాడిపోయింది. "లారీల వాళ్ళా! అయితే వద్దులే అమ్మా. వాళ్ళ కంటికి మనం ఆనం."

 దీవెన చేతిలోని ప్యాచీని ట్యూబుకి చిల్లు లేనిచోట అతికిస్తోంది.

నతానియేలు ఆమె వైపు చూశాడు. తర్వాత మేనేజరు వైపు. ప్రమోషన్ లిస్టు వచ్చే నెల. 

"లారీలు లేవండీ," అన్నాడు. "ఒక్కటి కూడా లేదు. ఒక సైకిలుంది. ఇరవయ్యెనిమిది. మా నాన్న జయపాల్ వన్ టౌన్‌లో దాని వెనక రొట్టెల పెట్టె కట్టుకుని వీధి వీధీ తిరిగాడు. నా చదువంతా ఆ క్యారియర్ మీదే వచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను. సిగ్గుపడినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది."



"అబద్ధాలు చెప్పావన్నమాట. నీ కెరీర్ గురించి ఆలోచించుకోవాలోయ్," అన్నాడు సూర్యప్రకాష్, వీపున బురదతో, గంభీరంగా.

"అదే ఆలోచిస్తున్నాను సార్." నతానియేలు దీవెన వైపు తిరిగాడు. "ఏవండీ, నా సైకిలుకి క్యారియర్ బిగిస్తారా?"

"వాట్!" అన్నారు క్లబ్బు వాళ్ళు. "ట్వంటీనైనర్‌కి క్యారియరా? క్లబ్బులో ఉండనివ్వం!"

దీవెన తలెత్తింది. కళ్ళలో తడి ఉంది, పెదాల మీద పాత నవ్వూ ఉంది. "ఎంత బరువుకి బిగించమంటారు?"

"మీరెంత ఉంటే అంతకి."

"రొట్టెల పెట్టె కంటే ఎక్కువే ఉంటానండీ."

"కల్వర్టు దగ్గర దిగి నెడతాను."

ఆమె తండ్రి వైపు చూసింది. సంజీవరావు ఇంకా కదలకుండా ఆ సైకిలునే చూస్తున్నాడు. నతానియేలు పొట్టి కాళ్ళు రెండూ నేల మీద గట్టిగా ఆని ఉన్నాయి.

"స్టాండు కూడా వెయ్యమ్మా," అన్నాడు సంజీవరావు చివరికి, రెంచీ కూతురి చేతికందిస్తూ. "కుర్రాడు ఇవాళే నిలబడ్డాడు."