నల్ల చుక్క వెనుక బొమ్మ

పట్టపగలు... అయినా పెన్సిల్వేనియా కొండల మీద కాటుక కుమ్మరించినట్లు మేఘాలు కమ్మిన ఘడియ! పైన్ చెట్ల చీకట్లో గుడ్లగూబ వికృతంగా కూసింది.

తుపాకీ మైదానంలో, కాల్పుల బల్ల ముందు కూర్చున్న కూతురి వెనకాలే వెర్నా నిలబడింది. జింకల వేటకు ముందు తుపాకీ గురి సరిచూసుకోవడం ఆ ఊళ్ళో అందరూ చేసే పనే. కానీ ఇది చనిపోయిన తన తండ్రి వాల్టర్, మనవరాలు మిరియంకి ఇచ్చిపోయిన తుపాకీ. ఆయన తమ్ముడు ఐరా దానికోసం ఏళ్ళ తరబడి పళ్ళు నూరాడు. చేతబడి చేస్తాడని పేరున్న మనిషి... నేడు నవ్వుతూ వచ్చి, నడుమ నల్ల చుక్కున్న గురి కాగితం తానే అతికించి వచ్చాడు!

"అమ్మా, కారులో కూర్చోరాదూ? నీ ఊపిరి చప్పుడుకే గురి తప్పేట్టుంది," అంది మిరియం.

"తప్పనీ. ఇంటికి పోదాం పద."

మొదటి తూటా పేలింది. కాగితం కింద, కుడివైపున రంధ్రం. మిరియం ఎడమ మోకాలు పట్టుకుంది.

"తుపాకీ తన్నిందిలే," అన్నాడు ఐరా. "దాని మీది దుర్భిణి మర కాస్త తిప్పు తల్లీ. పైకి, ఎడమకి."

తుపాకీ తన్నేది భుజాన్ని కదా... మోకాలినా?

రెండో తూటా కాస్త పైన తగిలింది. మిరియం తుంటి పట్టుకుని మూలిగింది. మూడోది నల్ల చుక్క అంచుకే... ఆమె పక్కటెముకలు పట్టుకుని ఒరిగిపోయింది.

వెర్నాకి లెక్క తెలిసింది. గురి కుదిరేకొద్దీ చావు దగ్గరవుతోంది! నల్ల చుక్క ఉన్నది... గుండె చోట!

"ఆపవే తల్లీ."

మిరియం కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. చేతులు మాత్రం, ఎవరివో అన్నట్లు, నాలుగో తూటా పెడుతున్నాయి. వెర్నా గుంజింది. ఆ వేళ్ళు ఇనుపకొక్కేల్లా బిగుసుకున్నాయి. ఐరా పెదవులు మంత్రం జపిస్తున్నాయి...

కాల్పులప్పుడు ఎవరూ దాటకూడని పసుపు గీత దాటి వెర్నా పరుగెత్తింది.

"వెర్నా, వెనక్కి రా, నీకేమైనా పిచ్చా?" మైదానం కాపలా చూసే మెర్ల్ కేక వేశాడు.

తుపాకీ గొట్టానికి ఎదురుగా, వీపు చూపిస్తూ, ఆమె ఆ కాగితాన్ని చించేసింది. వెనుక రక్తంతో గీసిన మిరియం బొమ్మ! దాని మీద మిరియం తలవెంట్రుకలు! బొమ్మ చిరిగిన క్షణాన బల్ల దగ్గర కూతురి చేయి తుపాకీ మీంచి జారిపోయింది. మెర్ల్ తూటా తీసేసి, తుపాకీ తెరిచి పెట్టాడు.

వెర్నా తిరిగి వచ్చేసరికి ఐరా ముఖం బూడిదలా పాలిపోయింది. ఎడమ మోకాలు మడతపడింది. "వెర్నా... కాస్త నీళ్ళివ్వమ్మా."

తండ్రి మాట చెవిలో మోగింది. ప్రయోగం విరిగినవాడు ఏదో ఒకటి అడుగుతాడు... ఇస్తే వాడు బతుకుతాడు, నీ బిడ్డ పోతుంది.

"నీళ్ళు లేవు చిన్నాన్నా."

"చేతిలో సీసా ఉందిగా?"

"ఉంది. ఇవ్వను."

"ముసలాయన, వెర్నా," అంటూ మెర్ల్ తన కాఫీ అందించబోయాడు. ఆమె దాన్ని చేత్తో కొట్టి నేలపాలు చేసింది.

"అగ్గిపుల్లైనా ఇవ్వు... దారప్పోగైనా..." ఐరా పాకాడు, గోళ్ళతో మట్టి గీరాడు. అతని తుంటి నుంచి, పక్కటెముకల నుంచి రక్తం చిమ్మింది!

ఆకాశం చీలినట్లు పిడుగు... బల్ల మీద ఖాళీ తుపాకీ తనంతట తానే గర్జించింది! వాల్టర్ గురి ఏనాడూ తప్పలేదు. ఐరా గుండెలో నల్లని రంధ్రం తెరుచుకుంది. మాంత్రికుడు నేలకొరిగాడు.

మిరియం కళ్ళు తెరిచింది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అమ్మా... చలేస్తోంది. నీ కోటు ఇవ్వవా?"

వెర్నా చేయి బొత్తాం మీదే ఆగిపోయింది. కూతురి కళ్ళల్లోకి చూసింది... అవి తన బిడ్డవే. అయినా, తండ్రి మాట ఇంకా చెవిలో ఉండగా, కోటు విప్పి ఇవ్వలేదు. బొత్తాలు తీసి, బిడ్డను లోపలికి లాక్కుని, ఇద్దరి మీదా ఆ ఒక్క కోటే గట్టిగా మూసేసుకుంది.